డిస్క్ గోల్ఫ్‌లో 25 అడుగులు దాటితే పట్ (డిస్క్‌ని బాస్కెట్‌లో వేసే దగ్గరి విసురు) కుడివైపు, కిందికి పోతోందా?

ఏవియార్ అనే పట్టర్ (పట్‌కి వాడే డిస్క్)తో ఆడే మీరు ఇదే అడిగారు. 15 అడుగుల్లో అన్నీ పడుతూ, 25 దాటగానే డిస్క్ ట్రేకి (గొలుసులు వేలాడే బాస్కెట్ కింది పళ్లెం) తగిలి కుడిపక్కకి పోతోందంటే (మీది కుడిచేతి వాటమే అన్నారు కాబట్టి) గురి తప్పడం కాదు, బలమంతా చేతి నుంచే లాగుతున్నారు. దూరం చూడగానే భుజం బిగుస్తుంది, చేయి ఛాతీకి అడ్డంగా ఊగుతుంది, డిస్క్ ఆలస్యంగా వదులుతుంది. కొత్త పట్టర్ కొనకండి, మీ ఏవియార్ చాలు.

అందరూ వదిలేసేది ఒంటి బరువు ముందుకు తేవడం.

1. ఒక కాలు ముందు, ఒకటి వెనక. బరువు వెనక కాలి మీద, మోకాళ్లు కాస్త వంచి.

2. ముందు ఒళ్లు కదలాలి, ఆ తర్వాతే చేయి. డిస్క్ వదిలేసరికి వెనక మడమ లేచి, వేళ్లు మాత్రమే నేలకు ఆనాలి. మడమ ఇంకా నేలమీదే ఉందంటే మళ్లీ చేత్తోనే విసిరారన్నమాట, ఫోన్‌లో పక్కనుంచి వీడియో తీసుకుంటే వెంటనే తెలిసిపోతుంది.

3. చేయి నేరుగా బాస్కెట్ పోల్ వైపు సాగాలి. వదిలాక వేళ్లు విచ్చుకుని పోల్‌నే చూపించాలి.

4. గురి బాస్కెట్ మొత్తం మీద కాదు, ఒక్క చైన్ లింక్ మీద.

20 అడుగుల్లో ఇది కుదిరాకే వెనక్కి జరగండి. ఎదురుగాలి ఉంటే డిస్క్ ముక్కు (ముందు అంచు) పైకి లేవనివ్వొద్దు, లేస్తే బాస్కెట్ మీదుగా ఎగిరిపోతుంది.

ఇంకోటి, ఊపులో ముందుకు పడిపోకండి: బాస్కెట్‌కి 10 మీటర్ల లోపల పట్ వేశాక నిలదొక్కుకోకుండా మార్కర్ (విసిరే చోటుకి గుర్తుగా పెట్టే చిన్న డిస్క్) దాటితే ఫౌల్, ఒక పెనాల్టీ త్రో పడుతుంది.