చివరి రోజు మ్యాచ్ పెట్టండి, లెక్కలు మాత్రం ముందు రాత్రే తేల్చండి

తిరుపతి, చిత్తూరు నుంచి నలభై దాటిన వాళ్ళందరూ కలిసి కొలంబోకు క్రికెట్ ఆడటానికి వెళ్తున్నామన్నారు. తిరుగు విమానం చివరి రోజు రాత్రికి కాబట్టి ఆ పగలు ఇంకో మ్యాచ్ పెట్టాలా, షాపింగ్‌కు వదిలేయాలా అని అడిగారు. మా బ్యాచ్ కూడా అచ్చం ఇలాంటిదే. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆదివారాలు ఆడుకునే బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఒక మెడికల్ షాపాయన, ఒక లాడ్జి ఓనరు. టూర్‌లో డబ్బులు నా చేతిలో ఉండేవి కాబట్టి నా జవాబు కాస్త అటువైపే మొగ్గుతుంది, చూసుకోండి.

మ్యాచ్ పెట్టండి. పొద్దున్నే ఏడున్నరకల్లా మొదలవ్వాలి, ఇరవై ఓవర్లు దాటకూడదు. ఆ రోజు ఖాళీగా వదిలేస్తే తలా ఒక దిక్కు పోతారు. ఒకాయన పెట్టా బజార్‌లో బేరమాడుతుంటాడు, ఇంకొకాయన గాల్ ఫేస్ దగ్గర సముద్రం చూస్తూ కూర్చుంటాడు, ఫోన్ చేస్తే అవతల సిగ్నల్ ఉండదు. సాయంత్రం ఐదింటికి అందరినీ బండి ఎక్కించేసరికి మేనేజర్‌కు బీపీ. అదే పొద్దున ఆట ఉంటే పదకొండు వరకు అందరూ ఒకచోటే ఉంటారు. ఆ తర్వాత ఒళ్ళు అలిసి వాళ్ళే రూముకు పోదాం అంటారు. షాపింగ్ మీద మనసున్న వాళ్ళకు మధ్యాహ్నం రెండు గంటలు చాలు. టీ పొడి, జీడిపప్పు, ఇంట్లో వాళ్ళకు రెండు బట్టలు. అంతకు మించి ఎవరూ కొనరు.

ఆ మ్యాచ్‌లో మాత్రం మీ జట్టు, అక్కడి వాళ్ళ జట్టు అని ఆడొద్దు. రెండూ కలిపేసి చీటీలు వేసి పంచుకోండి. అప్పటికి మీలో మీకే చిన్న చిన్న అలకలు ఉంటాయి. నన్ను రనౌట్ చేశాడని ఒకరు, నాకు ఒక్క ఓవరూ ఇవ్వలేదని ఇంకొకరు. మా లాడ్జి ఓనరు టూరంతా ఎక్స్‌ట్రాగా నీళ్ళు మోశాడు. చివరి రోజు వాళ్ళ స్పిన్నర్‌తో కలిసి ఓపెనింగ్‌కు దిగాడు. ఎన్ని కొట్టాడని అడక్కండి. ఇప్పటికీ ఆ ఒక్క ఆట గురించే చెప్తాడు.

వాళ్ళ వైపు నుంచి ఎగతాళికి కూడా సిద్ధపడండి. ప్రేమదాస స్టేడియం పక్కగా వెళ్తున్నప్పుడు మా వ్యాన్ డ్రైవర్ బండి స్లో చేసి మరీ 952 అన్నాడు. 1997 ఆగస్టులో మన మీద వాళ్ళు 6 వికెట్లకు 952 కొట్టి డిక్లేర్ చేసింది ఆ గ్రౌండ్‌లోనే. జయసూర్య ఒక్కడే 340. మా వాళ్ళకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక సీట్లో నుంచి మెడికల్ షాపాయన నిదానంగా, మరి 50 సంగతేంటి అన్నాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో అదే గ్రౌండ్‌లో మన హైదరాబాద్ సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు తీస్తే వాళ్ళు 50కే ఆలౌటయ్యారు కదా. డ్రైవర్ నవ్వేసి గేరు మార్చాడు. ఇదంతా తమిళంలోనే నడిచింది. మీలో నగరి, పుత్తూరు, చిత్తూరు వాళ్ళుంటే కొలంబోలో భాష సమస్య చాలావరకు తీరినట్టే. పెట్టా బజార్‌లో, వెల్లవత్తలో మన సరిహద్దు తమిళం బాగానే పనిచేస్తుంది. ఆటోలకు మాత్రం బేరాలు పెట్టుకోకుండా పిక్‌మీ యాప్ వాడండి.

డేట్ ఇంకా ఖాయం చేయకపోతే రెండు సంగతులు చూసుకోండి. ఏప్రిల్లోనూ, అక్టోబరు-నవంబరులోనూ అక్కడ మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం మామూలే, పొద్దున ఆట అనడానికి అది కూడా ఒక కారణం. రెండోది పౌర్ణమి. మనకు పౌర్ణమంటే కొండ మీద గరుడ సేవ గుర్తొస్తుంది. వాళ్ళకు అది పోయ, ప్రతి పౌర్ణమికీ దేశమంతా సెలవు, మందు అమ్మకాలు బంద్. చివరి రాత్రి పార్టీ అని ప్లాన్ వేసుకున్న వాళ్ళు మీలో ఉంటే క్యాలెండర్ ముందే చూపించండి, తర్వాత మిమ్మల్ని అంటారు.

ఇక అసలు విషయం, డబ్బులు. చివరి రోజు పాడయ్యేది వాన వల్ల కాదు, లెక్కల వల్ల. అందరూ సమానంగా వేసుకున్న డబ్బులో ఎవరు ఎంత తిన్నారు, ఎవరు తాగారు, ఎవరు తాగలేదు అన్న మాట ఎయిర్‌పోర్ట్ దారిలో మొదలైందంటే ఇంటికి చేరేదాకా ఆగదు. మన తిరుపతి బ్యాచ్ అంటే సగం మంది శాకాహారులు ఉంటారు, వాళ్ళు పెరుగన్నం తిని పీతల బిల్లులో వాటా ఇస్తారా? మేం మొదటి నుంచీ రెండు పద్దులు పెట్టుకున్నాం. వ్యాన్, గ్రౌండ్ ఫీజు, అంపైర్లు, బంతులు, నీళ్ళు ఉమ్మడి. రాత్రి భోజనం, మందు ఎవరిది వాళ్ళదే. అయినా ఒక ఆటో డబ్బుల దగ్గర చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన ఇద్దరికి మాట మాట పెరిగింది. అది చివరి రోజుకు ముందు రాత్రి, అందరం హోటల్ వరండాలో లెక్కలు చూసుకుంటుండగా బయటపడింది కాబట్టి అక్కడే అరుచుకుని, అక్కడే చల్లారి, పొద్దున కలిసి గ్రౌండ్‌కు వెళ్ళారు. అదే విమానం దిగాక అయ్యుంటే చెన్నై నుంచి మౌనవ్రతమే.

కాబట్టి ముందు రాత్రి ఖర్చులన్నీ చదివి వినిపించండి, ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, మిగిలింది అప్పుడే పంచేయండి. మర్నాటి భోజనానికి, వ్యాన్‌కు, గ్రౌండ్ కుర్రాళ్ళకు ఇచ్చేదానికి విడిగా కవరు పెట్టుకోండి. మిగిలిన శ్రీలంక రూపాయల్లో నోట్లు మార్చుకోవచ్చు, చిల్లర నాణేలు ఎవరూ తీసుకోరు. అవి ఎయిర్‌పోర్ట్‌లో టీలకు ఖర్చుపెట్టేయండి.

హోటల్ రూములన్నీ మధ్యాహ్నం ఖాళీ చేయమంటారు. రెండు రూములు మాత్రం సాయంత్రం దాకా అడిగి పెట్టుకోండి, అదనంగా పడినా పరవాలేదు. చెమటతో, తడిసిన బట్టలతో విమానం ఎక్కితే పక్క సీటు వాళ్ళ శాపం తగులుతుంది. అక్కడి తేమకు ప్యాడ్లు, గ్లవ్స్ ఆరవు, బరువు పెరుగుతాయి. మ్యాచ్ అవ్వగానే ఎండలో పరిచి, హోటల్లోనే చేతి కాటాతో బ్యాగులు తూచండి. బ్యాట్లు చెకిన్‌లోకే, పవర్ బ్యాంకులు మాత్రం చేతి బ్యాగులో. నొప్పి స్ప్రే డబ్బాలు, పాత బంతులు మోసుకురాకండి, అవతలి జట్టుకు ఇచ్చేయండి, సంతోషిస్తారు.

దెబ్బల గురించి ఒక మాట. చివరి మ్యాచ్‌లో మా కీపర్ వేలికి బంతి తగిలి వాచింది. ఆయన, పుత్తూరు మన దారిలోనే కదా, కట్టు వేయించుకుంటాలే అన్నాడు. విరిగిన ఎముకలకు వేసే ఆ పుత్తూరు కట్టు మీద మాకూ నమ్మకమే. అయినా లాక్కెళ్ళి అక్కడే ఎక్స్‌రే తీయించాం. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు అక్కడి డాక్టర్ చీటీ, బిల్లు కావాలి. మీ పాలసీలో ఆటల్లో తగిలే దెబ్బలు కవరవుతాయో లేదో బయల్దేరకముందే చదవండి. కొన్ని పాలసీల్లో ఉండదు.

పాస్‌పోర్టులు మీ దగ్గర పెట్టుకుని ఉంటే హోటల్లోనే ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. కౌంటర్ దగ్గర పేర్లు పిలుస్తూ నిలబడొద్దు. ఎయిర్‌పోర్ట్ కొలంబోలో కాదు, కటునాయకలో, ఊరికి ముప్పై కిలోమీటర్ల పైనే. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే తొందరగానే చేరతారు, కానీ సాయంత్రం ఊళ్ళో ట్రాఫిక్ దాటి దాన్ని ఎక్కడమే కష్టం. ఫ్లైట్‌కు మూడు గంటల ముందు అక్కడుండేలా బయల్దేరండి.

కొలంబో నుంచి చెన్నైకి విమానం గంటన్నర లోపే. చెన్నై నుంచి ఇంటికి దానికి రెట్టింపు. అందుకని పగలంతా నిద్రపోయిన డ్రైవర్‌ను, తమిళనాడు పర్మిట్ ఉన్న బండిని ఇక్కడి నుంచే మాట్లాడి పంపించుకోండి. తిరుపతి వాళ్ళకు తిరుత్తణి, నగరి, పుత్తూరు దారి, చిత్తూరు వాళ్ళకు రాణిపేట దారి దగ్గర. రెండు బండ్లా, ఒకటే బండి చుట్టు తిరగాలా అన్నది బయల్దేరకముందే ఓటు వేసుకోండి. అర్ధరాత్రి ఒంటి గంటకు చెన్నై ఎయిర్‌పోర్ట్ బయట సామాన్లతో నిలబడి తేల్చుకునే విషయం కాదది.