బండి కబుర్లు: పన్నెండు వందల డాలర్ల రోడ్ రన్నర్

డెట్రాయిట్ పక్కన ఉద్యోగం చేసిన రోజుల్లో నేను నడిపిన 1969 ప్లిమత్ రోడ్ రన్నర్ గురించి పోయిన సంచికలో రెండు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు క్లచ్ ప్లేట్ల మీద రాసిన వ్యాసాలన్నిటికీ కలిపి రాలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ మజిల్ కార్లకే, అంటే మధ్యరకం ఒంట్లో పెద్ద ఇంజిన్ పెట్టిన ఆ కాలం అమెరికా బళ్ళకే. మైలేజీ ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న (ఎల్బీ నగర్ నుంచి): అంకుల్, ఇప్పుడొచ్చే ఎలక్ట్రిక్ కార్లు నాలుగైదు సెకన్లలో వంద అందుకుంటున్నాయి. మీ పెద్దవాళ్ళంతా ఆ పాత మజిల్ కార్లను ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు? ఏముంది వాటిలో?

జవాబు: వేగం సంగతైతే నువ్వే గెలిచావు బాబూ. నా బండిలో ఉన్నది 383 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, కాగితం మీద 335 హార్స్‌పవర్. ఆ కాగితాన్నీ పూర్తిగా నమ్మక్కర్లేదు. 1971 దాకా అమెరికా కంపెనీలు ఇంజిన్‌ని విడిగా స్టాండు మీదకెక్కించి, ఎయిర్ క్లీనరు, బండికి వచ్చే సైలెన్సరు తగిలించకుండా కొలిచి ఆ అంకె ప్రచారం చేసేవి. తర్వాత అన్నీ తగిలించి కొలిచే పద్ధతి వచ్చింది. ప్లిమత్ బళ్ళు చేసే క్రైస్లర్ వాళ్ళ 426 హెమీ ఇంజిన్ పాత లెక్కలో 425, కొత్త లెక్కలో 350. ఇంజిన్ అదే.

ఇక ఆపడం అంటావా, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. హైవే మీద వరసగా రెండుసార్లు గట్టిగా తొక్కావంటే మూడోసారికి దేవుణ్ణి తలుచుకోవాలి.

మరి ఏముందంటే, చప్పుడు ఉంది. వీ-8లో ఎడమ వరస సిలిండర్లు 1, 3, 5, 7. కుడి వరస 2, 4, 6, 8. మా బళ్ళల్లో ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో పెట్రోలు మండే వరస, 1-8-4-3-6-5-7-2. వేలు పెట్టి చూడు: 8 తర్వాత 4, రెండూ కుడివైపువే. 5 తర్వాత 7, రెండూ ఎడమవైపువే. ఇంజిన్ మొత్తం మీద దెబ్బలు సమంగానే పడతాయి గానీ, ఒక్కో వైపు పైపులోంచి వచ్చేటప్పుడు రెండు దగ్గరదగ్గరగా, తర్వాతది కాస్త ఎడంగా వస్తాయి. బోనాల్లో తీన్‌మార్ విన్నవాడివి, ఎగుడుదిగుడు దెబ్బకి కాళ్ళెందుకు కదులుతాయో నీకు నేను చెప్పాలా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): అన్నగారూ, ఓహాయోలో చదువుకునేటప్పుడు, 1986లో, ఒక 1970 షెవ్రోలే షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) 396 కొని నడిపాను. పెళ్ళి కుదిరాక అమ్మేసి కామ్రీ కొన్నాను. ఇప్పుడు రిటైరై ఇక్కడికి వచ్చేశాను. అలాంటిదే ఒకటి తెప్పించుకుని రాత్రిళ్ళు ఔటర్ రింగు రోడ్డు మీద తిప్పాలని కోరిక. మా ఆవిడ పిచ్చి ముదిరిందంటోంది. అబ్బాయి న్యూజెర్సీలో ఉన్నాడు, బండి చూసి పంపిస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు కాగితాలు తేల్చుకుందాం. మామూలుగా వాడిన కారు మన దేశంలోకి రావాలంటే మూడేళ్ళకు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. వింటేజ్ బళ్ళకు మినహాయింపు 1950కి ముందువాటికే ఉండేది. 2025లో దాన్ని 50 ఏళ్ళు దాటినవాటికి మార్చారు కాబట్టి మీ షెవెల్‌కి దారి తెరుచుకుంది. కస్టమ్స్ సుంకాలన్నీ కలిపితే బండి ఖరీదును మించిపోతాయి, అది వేరే ఏడుపు. వచ్చాక 2021 వింటేజ్ రూల్స్ కింద రిజిస్ట్రేషన్: ఫీజు 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు, మళ్ళీ చేయించుకుంటే 5,000. నంబరు ప్లేటులో వీఏ అని వస్తుంది. కానీ ఆ ప్లేటుతో ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో వెళ్ళాలి తప్ప రోజువారీ తిప్పుడు కుదరదు. రాత్రిపూట ఔటర్ షికారు ఆ జాబితాలో లేదు సార్.

రూల్సు పక్కన పెట్టినా, మన ఎండ ఉంది. ఆ ఇంజిన్ల నెత్తినే కార్బొరేటర్ కూర్చుంటుంది. మేలో మెట్రో పిల్లర్ల కింద సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు పైపులోనే ఆవిరై, పంపు గాలి తొక్కుతుంది. ఇంజిన్ చల్లబడేదాకా బానెట్ ఎత్తుకుని నిలబడాలి, చుట్టూ సెల్‌ఫోన్లు పట్టుకుని జనం. ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు హోసులు, కార్బొరేటర్ డయాఫ్రమ్ ఉబ్బి చీలిపోతాయి. పెట్రోలు-గాలి మిక్స్చర్ పలచబడుతుంది, కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్లు మార్చాలి. సీసం కలిపిన పెట్రోలు కోసం చేసిన హెడ్‌లో వాల్వ్ సీట్లు మెత్తన. మన దగ్గర ఆ పెట్రోలు 2000లోనే పోయింది కాబట్టి గట్టి సీట్లు వేయించుకోవాలి. ఇవన్నీ చేయగల ఉస్తాదులు హైదరాబాద్‌లో దొరుకుతారు, కాదనను. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఎడమ స్టీరింగు. ముందు లారీ ఉంటే, దాన్ని దాటొచ్చో లేదో చూసి చెప్పాల్సింది పక్క సీట్లో ఉన్న మీ ఆవిడ. పిచ్చి ముదిరిందన్న మనిషి ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తుందో మీరే ఆలోచించండి.

ఇప్పుడు అసలు సంగతి. మన ఊళ్ళో పాత కారు అనగానే మనసు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం గారి 1912 రోల్స్ రాయిస్ వైపు పోతుంది. మజిల్ కారు పుట్టింది ఆ కులంలో కాదు. రోడ్ రన్నర్‌నే తీసుకోండి. 1968లో ప్లిమత్ దాన్ని మూడు వేల డాలర్ల లోపు అమ్మాలని పట్టుబట్టింది. మొదటి ధర 2,896. కార్పెట్ తీసేసి రబ్బరు మ్యాట్ వేశారు, ముందు పొడుగాటి బెంచి సీటు పెట్టారు, డబ్బంతా ఇంజిన్ మీదే గుమ్మరించారు. దుబారా చేసింది ఒక్క చోటే: కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు ఇచ్చి, హారన్‌ని ‘బీప్ బీప్’ అనిపించారు. మొదటి ఏడాదే సుమారు 45 వేల బళ్ళు పోయాయి. పగలు కార్ఖానాలో పనిచేసే కుర్రాడు జీతంలో వాయిదాలు కట్టుకుని సాయంత్రం డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద తిప్పుకునే బండి అది.

ఆ తర్వాత కుర్రాళ్ళకి ఇన్సూరెన్సు మోత మోగింది, 1970లో పొగ చట్టం వచ్చింది, 1973లో అరబ్బులు చమురు ఆపారు. నేను వెళ్ళింది 1980లో, ఇరాన్ దెబ్బకి పెట్రోలు మళ్ళీ మండుతున్న రోజులు. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లిచ్చే బండి ఎవడికి కావాలి? అందుకే పన్నెండు వందల డాలర్లకి నా చేతికొచ్చింది. అమ్మినవాడు రాత్రి షిఫ్టు కార్మికుడు, పీడా విరగడైందని సంబరపడ్డాడు. మిషిగన్‌లో చలికాలం రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. అది తిని తిని డ్రైవర్ కాళ్ళ దగ్గర రేకులో అరచేయంత చిల్లు. మ్యాట్ ఎత్తితే కింద రోడ్డు పరిగెత్తుతూ కనిపించేది. ఒక రేకు ముక్క రివిట్ కొట్టి నడుపుకున్నాను. మంచులో వదిలేసేవాణ్ణి, గీత పడితే పడనిచ్చేవాణ్ణి, డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు అగ్గిపెట్టె అట్టతో సర్దేవాణ్ణి.

మీరు ఓహాయోలో నడిపిందీ అలా పాడైనా ఫర్వాలేని బండే. ఇప్పుడు కొనబోయేది గీత పడితే నిద్రపట్టని బండి. రెండింటి మీదా షెవెల్ అనే రాసి ఉంటుంది, ఇంతకు మించి పోలిక నాకు కనపడదు.

కాబట్టి నా మాట: బండి కొనండి, ఇక్కడికి తేకండి. అబ్బాయి ఇంట్లోనే ఉంచండి. ఎస్ఎస్ జోలికి పోకుండా షెవెల్‌లోనే మామూలు రకం, 350 ఇంజిన్ ఉన్న మాలిబు చూడమనండి. ఒళ్ళు అదే, చప్పుడు ఆ జాతిదే, ధరలో చాలా తేడా. ఎస్ఎస్సే కావాలని పట్టుబడితే ఒక జాగ్రత్త. 1970 షెవెల్ ఛాసిస్ నంబరులో ఎస్ఎస్ అని తెలిపే అంకె ఏదీ లేదు. మాలిబుకి బ్యాడ్జీలు అంటించి ఎస్ఎస్ అని అమ్మేవాళ్ళు కోకొల్లలు. కార్ఖానాలో తయారీ కాగితం ఒకటి పెట్రోలు ట్యాంకు పైన ఇరికించి వదిలేసిన సందర్భాలున్నాయి, ట్యాంకు దింపి చూడమనండి. అలాగే అది 396 అని రాసి ఉన్నా 402 కొలత రావాలి. ఆ ఏడాది ఇంజిన్ పెంచి పేరు పాతదే ఉంచారు.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ మీద పాత బళ్ళ ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్, జరుగుతుంది, 1995 నుంచీ. న్యూజెర్సీ నుంచి వెయ్యి కిలోమీటర్లు. మాలిబు కొన్నా బెంచి సీటుదే కొనండి, మీ ఆవిడ కోసం.

ప్రశ్న (ఆబిడ్స్ నుంచి): మా తాతగారికి ఇంపాలా ఉండేది. అది మజిల్ కారేనా? మా బావ కాదంటున్నాడు, పందెం కూడా వేశాడు.

జవాబు: పందెం డబ్బులు బావకి ఇచ్చెయ్యండి. ఇంపాలా పూర్తి సైజు కుటుంబం బండి. 409 ఇంజిన్ పెట్టిన ఎస్ఎస్‌లు 1961 నుంచీ ఉన్నాయి గానీ, తాతగారిది అది కాదనే నా అనుమానం. మజిల్ కారంటే మధ్యరకం ఒంట్లో పెద్ద బండి ఇంజిన్. 1964 పాంటియాక్ జీటీవోతో ఆ లెక్క స్థిరపడింది. అప్పట్లో పాంటియాక్ సొంతదారైన జనరల్ మోటార్స్‌లో మధ్యరకం బళ్ళకి 330 క్యూబిక్ అంగుళాలు దాటకూడదని రూలు. పాంటియాక్ వాళ్ళు 389ని కొత్త మోడల్‌గా కాకుండా తమ మధ్యరకం బండి టెంపెస్ట్‌కి మూడు వందల డాలర్ల లోపు ఆప్షన్‌గా జాబితాలో దూర్చి రూలు తప్పించుకున్నారు.

ప్రశ్న (హబ్సిగూడ నుంచి): మా మామయ్యగారికి వచ్చే నెల ఎనభై నిండుతాయి. హ్యూస్టన్‌లో నడిపిన 1967 మస్టాంగ్ గురించి రోజూ భోజనాల దగ్గర చెబుతారు. 289 ఇంజిన్ అని మా పిల్లలకి కూడా కంఠస్థం అయిపోయింది. బొమ్మ కారు కొనిద్దామంటే మావారు వేరే ఏదైనా అడిగి చూడమన్నారు.

జవాబు: మీవారి మాట వినండమ్మా. బొమ్మ కారు షోకేసులోకి పోతుంది. ఆ ఏడాది ఫోర్డ్ వర్క్‌షాప్ మాన్యువల్ పునర్ముద్రణలు ఇప్పటికీ అమ్ముతారు, అది తెప్పించండి. వైరింగ్ బొమ్మలతో సహా. కొత్త మస్టాంగ్‌లో తిప్పుదామన్న ఆలోచన మాత్రం వద్దు. 2016లో కుడి స్టీరింగుతో మన దేశానికి వచ్చిన ఆ బండి మంచిదే, కానీ ఆయన దాన్ని చూసి పెదవి విరిచేస్తారు.

మాన్యువల్ వచ్చేలోగా భోజనాల దగ్గర ఒక ప్రశ్న వెయ్యండి: “మామయ్యగారూ, 289 ఫైరింగ్ ఆర్డర్ ఎంత?” 1-5-4-2-6-3-7-8 అని ఆగకుండా చెబితే ఆయన బానెట్ కింద చెయ్యి పెట్టిన మనిషే. అప్పుడు ఇంజిన్‌లో నిప్పురవ్వ సరైన వేళకి పడుతోందో లేదో చూసే టైమింగ్ లైట్ కూడా ఒకటి కొనివ్వండి. ఆర్డరు మాత్రం ఈ వారమే పెట్టండి, అమెరికా పార్సిళ్ళు కస్టమ్స్‌లో కూర్చుంటాయి.