మానసిక ఆరోగ్య శిబిరానికి జనం రావట్లేదా?

మూడు శిబిరాలు పెట్టినా పదిమంది కూడా రాలేదన్నారు కదండీ. బ్యానర్ మీద 'మానసిక' అన్న మాటే అడ్డం. ఆ టెంటు కిందికెళ్తే పిచ్చి అని ముద్ర వేస్తారని భయం. విడిగా శిబిరం మానేసి, డ్వాక్రా సంఘం నెలవారీ మీటింగులో పొదుపు లెక్కలయ్యాక 20 నిమిషాలు ఇమ్మని అడగండి. 'నిద్ర పడుతోందా?' అని మొదలుపెట్టండి.

గత 2 వారాల్లో దిగులుగా ఉందా, దేనిమీదా ఆసక్తి లేదా అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఆశా కార్యకర్త ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగాలి. నలుగురిలో అడిగితే అందరూ బాగున్నామనే అంటారు.

అవునన్నవాళ్లను ఏ డాక్టరు దగ్గరికి, ఏ రోజు పంపాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)తో ముందే మాట్లాడుకోండి. అది తేలకుండా అసలు మొదలుపెట్టొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుందన్నవాళ్లను ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీయించి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.