రాయితీలో వచ్చిన గేమింగ్ లాప్‌టాప్ కొనవచ్చా? ఎంత తగ్గించారో కాదు, ఎక్కడ తగ్గించారో చూడండి

మీరు రాజోలు దగ్గర కొబ్బరి, వరి సాగు చేస్తున్నారు. భీమవరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరిన మీ అబ్బాయి ఒక లింకు పంపాడు. ఐ5-12450హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) స్క్రీను. ఎమ్మార్పీ 83 వేలు కొట్టేసి 54,990 అని రాసి ఉంది, ఆఫరు ఆదివారంతో సరి. ‘గేమింగ్’ అన్న మాట చూసి మీకు అనుమానం, ‘ఆఫరు’ అన్న మాట చూసి వాడికి కంగారు. ఇదే కదండీ మీ ప్రశ్న.

ఆ ధరకు అది చెడ్డ బేరం కాదు. కానీ బేరాన్ని అసలు తేల్చే వివరాలు మీరు రాసిన దాంట్లో లేవు. అవి తెలిసేదాకా ఆదివారం వచ్చినా, వెళ్లినా డబ్బు కట్టకండి. నేను పాలకొల్లులో పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు ఎడిట్ చేస్తాను. ఈ తరగతి లాప్‌టాప్ మీదే నా పని నడుస్తోంది, పని లేని రాత్రిళ్లు ఆటలూ దానిమీదే. చుట్టాల పిల్లలు ఎవరు కాలేజీలో చేరినా లింకు మొదట నాకే వస్తుంది కాబట్టి ఇలాంటివి చాలానే చూశాను.

ముందు ఆ 83 వేల సంగతి మరిచిపోండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదనే గీత మాత్రమే. ఆ ధర పెట్టి లాప్‌టాప్ కొన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అదే మోడల్ గడచిన నెలల్లో, మామూలు రోజుల్లో ఎంతకు అమ్ముడైందో దానితో పోల్చాలి. లింకు ఇస్తే ధర ఎప్పుడెప్పుడు ఎంత ఉందో గీసి చూపే ఉచిత వెబ్‌సైట్లు ఉన్నాయి. పండగ అమ్మకాలకు ముందు ధర మెల్లగా పైకి లేచి, సరిగ్గా అమ్మకాల రోజున ‘పడిపోవడం’ ఆ గీతల్లో కొన్నిసార్లు స్పష్టంగా కనబడుతుంది. మామూలు రోజుల్లో 58 వేలున్న సరుకైతే మీకు మిగిలేది మూడు వేలు, 28 వేలు కాదు.

జీఎస్టీ తగ్గింది కాబట్టి ధర తగ్గించామని దుకాణంలో చెబితే ఒక నవ్వు నవ్వండి. 2025 సెప్టెంబరు 22న పన్ను మారినప్పుడు ఏసీలు, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. లాప్‌టాప్‌ల మీద అంతకుముందూ 18 శాతమే, ఆ తర్వాతా 18 శాతమే. వడ్డీ లేని వాయిదాల విషయంలోనూ చిన్న మెలిక ఉంది. వడ్డీ మొత్తాన్ని అమ్మేవాళ్లు రాయితీగా సర్దుతారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. చాలా బ్యాంకులు దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము కూడా వేస్తాయి. పంట డబ్బు చేతిలో ఉంటే ఒకేసారి కట్టడమే నయం.

ఇక అసలు విషయం. తక్కువ ధరకు గేమింగ్ లాప్‌టాప్ తయారు చేయాలంటే కంపెనీ ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత ప్రకటనలో పెద్ద అక్షరాలతో రాసే చోట ఉండదు, రాయని చోట ఉంటుంది.

నాదీ ఆర్‌టీఎక్స్ 3050 కార్డే, కాకినాడలో చదివే మా పిన్ని కొడుకుదీ అదే, రెండూ 4 జీబీవే. ఒక సంక్రాంతి సెలవుల్లో రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కన పెట్టి ఒకే ఆటను ఒకే సెట్టింగులతో నడిపాం. వాడిది నునుపుగా సాగిపోతోంది. నాది తెరమీద మనుషులు ఎక్కువైన ప్రతిసారీ తడబడుతోంది. లోపం ఏమీ లేదు, తేడా అంతా వాట్లలో ఉంది. 4 జీబీ 3050 కార్డుకు 35 నుంచి 80 వాట్ల దాకా ఎంత కరెంటు ఇవ్వాలో లాప్‌టాప్ కంపెనీయే నిర్ణయించుకోవచ్చని ఆ చిప్ తయారుచేసే ఎన్విడియా వదిలేసింది. పెట్టె మీద పేరు ఒకటే ఉంటుంది, లోపల ఒకదానికి అందేది రెండోదానికి అందేదానిలో సగమే కావచ్చు. కాబట్టి మీ అబ్బాయిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ఇందులో గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని వాట్లు?’ అమ్మకం పేజీలో దొరకకపోతే కంపెనీ వెబ్‌సైటులో పూర్తి మోడల్ నంబరు పెట్టి వెతకమనండి. 60 దాటితే సరే. 45 లోపు అయితే ఆ ధర ఎక్కువే.

రెండోది కార్డు మీది మెమొరీ. మీరు రాసిన దాంట్లో 3050 అని మాత్రమే ఉంది, 4 జీబీయా, 6 జీబీయా అన్నది లేదు. 2021లో వచ్చిన 4 జీబీ రకం పాత ఆటలకు, వాలరెంట్ లాంటి తేలిక ఆటలకు హాయిగా సరిపోతుంది. ఇప్పటి పెద్ద ఆటల్లో మాత్రం ఆ 4 జీబీ ముందుగానే నిండిపోయి బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. 2023లో వచ్చిన 6 జీబీ రకం పేరు అదే అయినా లోపల లెక్కలు చేసే కోర్లు కూడా ఎక్కువ, 2048కి బదులు 2560. ఈ రెండింటి మధ్య ధర తేడా ఐదారు వేలు ఉంటే 6 జీబీదే తీసుకోండి. నాలుగేళ్ల చదువుకు అది నిలుస్తుంది. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు, గ్రాఫిక్స్ కార్డు మెమొరీని జన్మలో పెంచలేం.

ఇంకొంచెం తక్కువ ధరలో ఆర్‌టీఎక్స్ 2050 ఉన్న మోడళ్లు అదే అమ్మకంలో మెరుస్తుంటాయి. చిప్ 3050 కుటుంబానిదే గానీ మెమొరీకి వెళ్లే దారి వెడల్పు 64 బిట్లే, 4 జీబీ 3050లో ఉన్నదానిలో సగం. ఎడిటింగుకు ఫరవాలేదు. ఆటల కోసమే అయితే దాని వైపు చూడకండి.

ర్యామ్ గురించి ఒకప్పుడు నేను అందరికీ ఒకే మాట చెప్పేవాడిని: 8 జీబీది కొనుక్కో, ఇంకో 8 తర్వాత చవకగా వేయించుకో అని. ఇప్పుడు ఆ మాట చెల్లదు. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమొరీ చిప్పులను ఊడ్చేస్తుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మరోపక్క విండోస్ 11, బ్రౌజరు, కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ తెరిస్తేనే 8 జీబీ నిండిపోతుంది. పైగా ఒకే స్లాటులో ఒకే ముక్క ఉంటే ప్రాసెసర్‌కూ, ర్యామ్‌కూ మధ్య దారి సగమే తెరిచి ఉంటుంది, ఆటల్లో ఆ తేడా కంటికి కనబడుతుంది. అందుకే కంపెనీ నుంచే 16 జీబీతో వచ్చే మోడల్‌కు ఎంత ఎక్కువ పడుతుందో, విడిగా ర్యామ్ కొంటే ఎంతవుతుందో రెండూ కనుక్కుని తేల్చుకోండి. 8 జీబీదే కొనాల్సి వస్తే రెండో స్లాటు ఖాళీగా ఉందని రూఢి చేసుకోండి.

స్క్రీను విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ, నా పని అలాంటిది. 144 హెర్ట్జ్ అని పెద్దగా రాస్తారు, దాని పక్కనే చిన్నగా ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్’ అని ఉంటే (మొదటిది ఎన్ని రంగులు చూపగలదో, రెండోది ఎంత వెలుగో చెప్పే లెక్క) అది రంగులు వెలిసిన తెర. అలాంటి తెర మీద పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర ఇటుక రంగులో కనబడుతుంది. నేను రంగుల పనికి విడిగా మానిటర్ తగిలించుకున్నాను. మీ అబ్బాయి ప్రోగ్రాములు రాయడానికి అది అడ్డం కాదు, కిటికీ వెలుతురులో కూర్చుంటే కళ్లు చిట్లించాలి, అంతే. ఫొటోలు, డిజైన్ మీద వాడికి ఆసక్తి ఉంటే మాత్రం వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే) అని రాసి ఉన్నదే చూడండి.

బ్యాటరీ మీద ఆశ పెట్టుకోవద్దు. తరగతిలో నోట్సు రాసుకుంటూ, వీడియో చూస్తూ మూడు నాలుగు గంటలు వస్తే గొప్ప. మీవాడు రెండో ఎంపికగా రైజెన్ 7 7435హెచ్‌ఎస్ ప్రాసెసర్ ఉన్నది పంపితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. దాని వేగం బాగుంటుంది గానీ అందులో సొంత గ్రాఫిక్స్ లేవు. వర్డ్ ఫైలు తెరిచినా పెద్ద కార్డే మేలుకుని ఉండాలి కాబట్టి బ్యాటరీ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. బరువు కూడా చూసుకోండి. లాప్‌టాప్ రెండు కిలోల పైన ఉంటుంది, దాని అడాప్టరు ఇంకో అర కిలో. సెలవులకు పల్లెవెలుగు బస్సులో నిలబడి వచ్చే రోజున ఆ బరువు తెలుస్తుంది.

ఇప్పుడు సమీక్షల వీడియోల్లో ఎవరూ చెప్పని మన గోదావరి జిల్లాల సంగతి. ఆ వీడియోలు ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర తీస్తారు. గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. వీడియోలో 87 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మే నెలలో భీమవరం హాస్టల్ గదిలో 36 డిగ్రీల ఉక్కలో వంద అంచుకు చేరి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే మీరు డబ్బిచ్చి కొన్న వేగంలో కొంత వేసవిలో చేతికందదు. పరుపు మీద పెట్టి ఆడితే కిందనుంచి గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోయి పరిస్థితి మరీ పాడవుతుంది. నేను చేసేది చెబుతాను: ఆటను సెకనుకు 60 ఫ్రేములకే పరిమితం చేస్తాను, వెనకవైపు చెక్క ముక్క పెట్టి ఎత్తుతాను, వేసవికి ముందు ఫ్యాన్లలో దుమ్ము తీయిస్తాను. 144 హెర్ట్జ్ తెర ఉండి 60కి కట్టేయడం ఏమిటని మా పిన్ని కొడుకు వెక్కిరిస్తాడు. వాడి హాస్టల్లో ఏసీ ఉంది మరి.

వారంటీ కాగితం కన్నా సర్వీసు సెంటరు ఎంత దూరమో ముఖ్యం. మన వైపు కొన్ని కంపెనీలకు రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో ఉంటుంది, కొన్నింటికి విజయవాడ వెళ్లాలి. ఇంటికే వచ్చి బాగు చేస్తామనే వారంటీ అయితే మీ పిన్‌కోడుకు, హాస్టల్ పిన్‌కోడుకు అది వర్తిస్తుందో లేదో కొనకముందే కంపెనీకి ఫోన్ చేసి అడగండి. నా లాప్‌టాప్‌కు ఒకసారి కీబోర్డు పోతే మనిషి వస్తాడన్నారు, తీరా మా ఊరు ఆ జాబితాలో లేదన్నారు. పెళ్లిళ్ల సీజన్లో పని ఆపుకుని నేనే మోసుకెళ్లాను. అందుకే రెండు మూడు వేలు ఎక్కువైనా భీమవరంలోనో, రాజమహేంద్రవరంలోనో దుకాణంలో ఆన్‌లైన్ ధర చూపించి బేరమాడటం నాకు ఇష్టం. అక్కడా మోడల్ నంబరు చివరి అక్షరం వరకు సరిపోల్చండి. చివర్లో రెండు అక్షరాలు మారితే లోపల స్క్రీనో, ర్యామో మారిపోతుంది.

అదే డబ్బుకు డెస్క్‌టాప్ ఇంకా బాగా నడుస్తుందని మీకు ఎవరైనా చెబితే అది నిజమే. కానీ హాస్టల్ గదిలో చోటుండదు, కరెంటు పోతే యూపీఎస్ ఉండాలి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి మా వీధి అంతా చీకటే, మర్నాడు ఇవ్వాల్సిన ఆల్బమ్‌ను లాప్‌టాప్ బ్యాటరీ మీదే భద్రం చేసి మూసేశాను.

ఇక ఇది లేకపోతే చదువు సాగదా అంటే, సాగుతుంది. సీ, పైథాన్, జావా నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. పై తరగతుల్లో మెషీన్ లెర్నింగ్ వచ్చినా గూగుల్ కోలాబ్, కాగిల్ వెబ్‌సైట్లు ఉచితంగానే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడుకోనిస్తాయి. ‘చదువు కోసమే నాన్నా’ అని వాడంటే 16 జీబీ ర్యామ్ ఉన్న కిలోన్నర బరువు మామూలు లాప్‌టాప్ కొనిపెట్టండి, రోజంతా బ్యాటరీ వస్తుంది. ‘చదువుకుంటాను, ఆటలూ ఆడతాను’ అని నిజం చెబితే గేమింగ్‌ది కొనండి. ఆటల్లో మునిగిపోతాడనే భయంతో మాత్రం ఆపకండి, మునగాలనుకునేవాడికి జేబులో ఫోను చాలు. జీటీఏ 6 అనే కొత్త ఆట కోసమంటే మాత్రం తొందర లేదని చెప్పండి, సంస్థ ప్రకటించిన 2026 నవంబరు 19 తేదీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టెలకే, లాప్‌టాప్‌లకు కాదు.

మీరు పంపిన మోడల్‌లో కార్డు 6 జీబీది, 60 వాట్లు దాటినది, రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉన్నది అయితే 54,990కి కళ్లు మూసుకుని కొనండి. 4 జీబీది అయితే 50 వేల లోపు దిగితేనే. వాట్ల సంగతి ఎక్కడా దొరకకపోతే వదిలేయండి, ఇలాంటి ఆదివారాలు ఏడాదిలో చాలా వస్తాయి.

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పడం మొదటినుంచి ఫోనులో వీడియో తీయించండి, మార్పిడి గడువు లోపలే వాడిచేత రెండు గంటలు ఆగకుండా ఏదైనా పెద్ద ఆట ఆడించండి. ఆడమని తండ్రే చెప్పే అవకాశం వాడికి మళ్లీ రాదు. ఆ సమయంలో ఛార్జరు గోడకు మూడు పిన్నుల ప్లగ్గుతోనే ఉండాలి. లాప్‌టాప్ అంచు తాకితే జివ్వుమంటే అది గదిలో ఎర్త్ సరిగా లేదని కావచ్చు, వార్డెనుకు చెప్పి ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.