చెవి చెప్పిందా, ఎదురుచూపు చెప్పిందా

తమ్ముడూ,

నీ వ్యాసం అంది మూడు వారాలైంది. మధ్యలో రెండుసార్లు "చదివారా అన్నా" అని మెసేజ్ పెట్టావు, నేను పలకలేదు. నిజానికి పంపిన రోజే చదివాను. కానీ నువ్వు 2023 ఏప్రిల్ 14న అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా కొత్త ఆల్బమ్ '72 సీజన్స్' రావడం ఆలస్యం, హాస్టల్ గదిలో కూర్చుని 77 నిమిషాలూ ఏకబిగిన విని, నీ తోటి ఫ్యాన్స్ మెసేజ్‌లన్నీ పోగుచేసి, తెల్లారేసరికి ఫ్యాన్స్ మొదటి స్పందన మీద వ్యాసం రాసి పంపేశావు. నేనేమో అప్పటికి నాలుగు పాటలు దాటలేదు. ఆ స్థితిలో నేనేమన్నా నీ తొందరకి నా తొందర తోడవడం తప్ప ఉపయోగం ఉండదనిపించింది. అందుకని ఆగాను. ఈ మూడు వారాల్లో ఆల్బమ్ ఓ పదిహేను సార్లు విని ఉంటాను, నీ వ్యాసం నాలుగు సార్లు చదివాను.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తాను. "అద్భుతం" అనే మాట తొమ్మిది చోట్ల ఉంది, లెక్కపెట్టాను. "ఫ్యాన్స్ పెదవి విరిచారు" అని ఒక చోట రాశావు, రెండు పేరాల తర్వాత "ఫ్యాన్స్ పండగ చేసుకున్నారు" అన్నావు. ఏ ఫ్యాన్స్? 1981లో మొదలైన బ్యాండ్ ఇది. వాళ్ల మొదటి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్' క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నవాడొకడు, 1991లో ఆ నల్ల అట్ట ఆల్బమ్‌తో వచ్చి చేరినవాడొకడు, 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో ఓ జులపాల కుర్రాడు ఇంటి పైకప్పెక్కి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వాయిస్తుంటే చూసి, 36 ఏళ్ల కిందటి ఆ పాట వెతుక్కుని విన్న పదిహేనేళ్ల పిల్ల ఇంకొకరు. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టి "ఫ్యాన్స్" అంటే ఎట్లా? మొదటివాడు నలభై ఏళ్ల కిందటి తన ఈడుని వెతుక్కుంటున్నాడు. ఆ పిల్లకి పోల్చి చూసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, పాట నచ్చిందా లేదా, అంతే.

ఇంకోటి. అసలు "మొదటి స్పందన" అన్నదే కొంచెం అబద్ధం. పన్నెండు పాటల్లో నాలుగు ముందే వచ్చేశాయి, 'లక్స్ ఎటర్నా' అయితే 2022 నవంబర్లోనే వచ్చింది. అంటే ఆ రాత్రి నువ్వు కొత్తగా విన్నది ఎనిమిదే. ముందు రోజు చాలా దేశాల్లో సినిమా హాళ్లలో ఆల్బమ్ మొత్తం వినిపించారు కూడా, కాబట్టి కొంతమంది మాటలు నీ ప్లే బటన్ కంటే ముందే నీ ఫోన్లోకి చేరి ఉంటాయి. నువ్వు ఖాళీ బుర్రతో వినలేదు. ఎవరూ వినరు. కానీ ఆ సంగతి రాయాలి కదా.

మనకి సినిమా టాక్ అలవాటు. తెల్లవారుజామున బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చినవాడి మొహం ముందు మైకు పెడితే "బొమ్మ బ్లాక్‌బస్టర్" అంటాడు, మధ్యాహ్నానికి పక్క ఊళ్లో "సెకండాఫ్ ల్యాగ్" అంటారు, సాయంత్రానికి లెక్క తేలిపోతుంది. ఆ అలవాటునే నువ్వు ఆల్బమ్‌కి తెచ్చిపెట్టావు. చాలామంది సినిమా ఒకసారి చూసి వదిలేస్తారు, అందుకని మొదటి ఆట మాటకి అంత బరువు. ఆల్బమ్ అలా కాదు. బస్సులో వింటాం, బట్టలు ఉతుకుతూ వింటాం, ఎవరితోనో గొడవపడి వింటాం, ఏడాది మర్చిపోయి మళ్లీ వింటాం. రెండింటికీ ఒకటే కొలపాత్ర పెట్టకు.

నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వుకో. 2003 జూన్‌లో 'సెయింట్ ఆంగర్' వచ్చినప్పుడు నేను నీ వయసువాణ్ని. ఒకే ఒక్కసారి విని, ఓ చిన్న పత్రికకి పేజీన్నర రాశాను. ఆ పేజీన్నర నిండా వెటకారమే. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ స్నేర్ డ్రమ్ కింద ఉండే తీగల్ని వదిలేసి వాయించాడు, దాంతో దెబ్బ దెబ్బకీ ఖాళీ స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టు "టంగ్ టంగ్" అని వినబడుతుంది. గిటార్ సోలోలు ఒక్కటీ లేవు. ఇంతోటి దానికి ఆరేళ్లు ఎదురుచూశామా, వీళ్ల పని అయిపోయింది, ఇంటికెళ్లొచ్చు అని రాసి పడేశాను. పత్రికవాళ్లు వేశారు, ఫ్రెండ్స్ శభాష్ అన్నారు. మరుసటి ఏడాది ఆ ఆల్బమ్ తయారైన రోజుల మీద డాక్యుమెంటరీ వచ్చింది. అప్పటికి బాసిస్ట్ జేసన్ న్యూస్టెడ్ వెళ్లిపోయాడు, గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మందు మానడానికి నెలల తరబడి చికిత్సలో ఉండి వచ్చాడు, మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక మధ్యలో ఓ థెరపిస్టుని కూర్చోబెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. బాస్ వాయించింది నిర్మాత బాబ్ రాక్. అది చూసి మళ్లీ విన్నాను. ఒక ఇంట్లో అన్నదమ్ములు గొడవపడుతుంటే పక్కగదిలోంచి విన్నట్టు ఉంది. నా పేజీన్నరలో ఆ గొడవ ఊసే లేదు. నాకు వినబడలేదు మరి.

అయితే ఒక చిత్రం చెప్పనా? స్నేర్ గురించి నేను రాసింది మాత్రం తప్పు కాదు. తినగా తినగా వేపాకు కూడా తియ్యనవుతుందంటారు, ఇరవై ఏళ్లుగా తింటున్నాను, ఆ బిందె ఇంకా చేదుగానే ఉంది.

నీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది ఇక్కడే. నేను ఆ రోజు రాసిన ఫిర్యాదుల్లో ఒకటి నిలిచింది, ఒకటి వీగిపోయింది. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. "డ్రమ్ము బిందెలా మోగుతోంది" అన్నది నా చెవి చెప్పింది. "వీళ్ల పని అయిపోయింది" అన్నది నా ఎదురుచూపు చెప్పింది. అప్పట్నుంచీ ఏ పాత బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చినా, జనం మొదటి రోజు అన్న మాటల్ని ఈ జల్లెడలోనే వేసి చూస్తాను. 1988లో 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' వచ్చినప్పుడు బాస్ గిటార్ వినబడట్లేదన్నారు. అది చెవి మాట. ఇప్పటికీ నిజమే, ఫ్యాన్స్ తమంతట తామే బాస్ పెంచుకుని సొంత వెర్షన్లు చేసుకున్నారు. 1996లో 'లోడ్' వచ్చినప్పుడు పెద్ద రగడ, జుట్టు కత్తిరించుకున్నారని, అమ్ముడుపోయారని. జుట్టు చెవికి వినబడుతుందా? ఇవాళ ఆ ఆల్బమ్‌లో పాటల కోసం ప్రాణం పెట్టేవాళ్లు బోలెడుమంది.

మెచ్చుకోలుకీ ఇదే జల్లెడ. 2008 సెప్టెంబర్లో 'డెత్ మాగ్నెటిక్' రాగానే అందరం ఎగిరి గంతేశాం, సోలోలు తిరిగొచ్చాయి, వేగం తిరిగొచ్చింది, హమ్మయ్య అని. ఆ హమ్మయ్యలో సగం 'సెయింట్ ఆంగర్' దయే. కొద్ది రోజులు గడిచాక 'గిటార్ హీరో' అనే వీడియో గేమ్‌లో ఉన్న అవే పాటలు సీడీ కన్నా శుభ్రంగా ఉన్నాయని కొందరు కనిపెట్టారు. సీడీలో శబ్దం ఎంత పైకి తోసేశారంటే డ్రమ్ పడ్డచోటల్లా పగులుతోంది, గేమ్‌కి వెళ్లిన ట్రాకులు అంత నలగలేదు. మాస్టరింగ్ (శబ్దాన్ని చివరిగా సరిచేసే పని) మళ్లీ చెయ్యండని వేలమంది సంతకాలు పెట్టారు. చూశావా, మొదటి రోజు మా ఎదురుచూపు ఎంత గట్టిగా అరిచిందంటే చెవి గొంతు మాకే వినబడలేదు. నేనైతే సిగ్గుపడ్డాను, అప్పటికే "మాస్టర్‌పీస్" అని రాసేసి ఉన్నాను.

సరే, నీ వ్యాసం. పాటలన్నీ ఒకే నడకలో ఉన్నాయి, నిడివి ఎక్కువైంది, గిటారిస్ట్ కిర్క్ హామెట్ సోలో అనగానే కాలు వా పెడల్ (గిటార్ చేత "వా వా" అనిపించే పెడల్) మీదికి పోతోంది, ఒక్క నెమ్మది పాట లేదు, ఇవన్నీ నువ్వు పోగుచేసిన ఫిర్యాదులు. నా లెక్కలో వా పెడల్, నిడివి రెండూ చెవి మాటలే, పదిహేను సార్లు విన్నాక కూడా నేనూ అదే అంటాను, ఏడు నుంచి పది దాకా పాటల్లో ఏది ఎక్కడ ఆగిందో ఇప్పటికీ తడుముకుంటున్నాను. నెమ్మది పాట లేదన్నది మాత్రం ఎదురుచూపు. ఎప్పుడూ పెట్టే స్వీటు ఈసారి విస్తట్లో లేదని అలగడం లాంటిది. ఇక చివరి పాట 'ఇనామొరాటా', 11 నిమిషాల 10 సెకన్లు, వాళ్ల సొంత పాటల్లో ఇంత పొడుగైంది ఇంకోటి లేదు. నువ్వు "సాగదీత" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. తమ్ముడూ, నువ్వు ఆ పాట దగ్గరికి చేరేసరికి అర్ధరాత్రి దాటి గంటపైనే అయింది, మర్నాడు పొద్దున్నే నీకు ల్యాబ్ ఉంది, అది నువ్వే రాశావు. ఆ సాగదీతలో నీ నిద్ర వాటా ఎంత? ఒకరోజు మధ్యాహ్నం ఆ ఒక్క పాటే విను. మధ్యలో గిటార్లు తగ్గి న్యూస్టెడ్ తర్వాత వచ్చిన బాసిస్ట్ రాబర్ట్ ట్రుహియో బాస్ ఒంటరిగా నడిచే చోటు ఉంది, అక్కడ ఆగు.

నువ్వు అసలు ముట్టుకోనిది ఒకటుంది, పేరు. 72 సీజన్లంటే మనిషి మొదటి 18 ఏళ్లు, ఏడాదికి నాలుగు చొప్పున. ఆ పద్దెనిమిదేళ్లలో మన నెత్తిన పడ్డవే తర్వాత జీవితమంతా మనల్ని నడిపిస్తాయన్నది హెట్‌ఫీల్డ్ ఆలోచన. అట్ట మీద కాలిపోయిన ఉయ్యాల తొట్టి. అరవైకి దగ్గర పడినవాడు కూర్చుని తన చిన్నతనం మీద పాటలు కట్టాడు, 2019లో మళ్లీ చికిత్సకి వెళ్లొచ్చిన తర్వాత. ఆ చిన్నతనం దాటి ఎక్కువ కాలం కానివాడివి నువ్వు, దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. (మనకి రుతువులు ఆరు కదా, మన లెక్కన అయితే 108 అవుతుంది. జపమాల పూసలన్ని. ఇది నాకు ఒకరోజు స్నానం చేస్తుంటే తట్టింది, నువ్వు వాడుకో, నేనేమీ అనుకోను.)

మాటల విషయం కొంచెం. "పవర్‌ఫుల్ రిఫ్‌లు" అని రాస్తే నాకు ఏమీ వినబడదు. రిఫ్ అన్న మాటకి తెలుగు వెతకొద్దు, రిఫ్ అంటే రిఫే, గిటార్ మళ్లీ మళ్లీ వాయించే ముక్క, కానీ అది ఏం చేస్తోందో మన మాటల్లో చెప్పు. రోట్లో రోకలి పడ్డట్టు ఉందా, గూడ్సు బండి వంతెన ఎక్కినట్టు ఉందా? 'లక్స్ ఎటర్నా' మూడున్నర నిమిషాలు కూడా లేదు, మొత్తం ఆల్బమ్‌లో చిన్న పాట, దాని గురించి నువ్వు "స్కూలు బెల్లు కొట్టగానే గేటు వైపు పరిగెత్తినట్టుంది" అన్నావు చూడు, ఆ వాక్యం దగ్గర నేను ఆగి మళ్లీ చదివాను. ఆ తొమ్మిది "అద్భుతాలు" ఇచ్చేస్తాను, అలాంటిది ఇంకొకటి ఇవ్వు.

మొదటి రాత్రి రాయొద్దని నేననడం లేదు, తప్పుగా అర్థం చేసుకోకు. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు నేనున్నాను. మన దేశంలో వాళ్లు వాయించడం అదే మొదలు, అంతకు రెండు రోజుల ముందు ఢిల్లీ దగ్గర గుర్గావ్‌లో జరగాల్సింది రద్దయి జనం స్టేజీ మీద పడ్డారు, మాది కూడా ఆగిపోతుందేమోనని రైల్లో మా కంపార్ట్‌మెంట్ అంతా ఒకటే టెన్షన్. ఆ రాత్రి అరిచి అరిచి గొంతులు పోయాయి. మర్నాడే రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి వాళ్లు చేసిన ఆల్బమ్ 'లులు' విడుదల. తిరుగు రైల్లో ఎవరో కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఆ పాటలు, చుట్టూ గొంతు పోయిన పదిమంది, రాత్రి ఎవరి కోసం గొంతు పోగొట్టుకున్నారో వాళ్లనే ఆ బొంగురు గొంతుతో తిడుతున్నారు. నేను ఒక్క ముక్క రాసుకోలేదు. ఆల్బమ్ బాగుందో లేదో తేల్చాకే రాద్దాంలే అనుకున్నాను. 'లులు' సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు, ఆ కంపార్ట్‌మెంట్‌లో ఎవరేమన్నారో సగం పైన మర్చిపోయాను. ఆ రోజు తీర్పు కాకుండా, అక్కడ జరిగింది జరిగినట్టు రాసుకుని ఉంటే నా దగ్గర ఇవాళ ఓ మంచి వ్యాసం ఉండేది.

అందుకే నీ వ్యాసం చింపెయ్యకు. టైము, చోటు, నిద్ర, ల్యాబు అన్నీ అలాగే ఉంచు. ఎవరు ఏ మాటన్నారో ఆ మనిషి ఎప్పట్నుంచి వింటున్నాడో దాంతో కలిపి రాయి. పేర్లు అక్కర్లేదు, "మా సీనియర్, వాళ్ల మామయ్య క్యాసెట్లతో మొదలైనవాడు" అంటే చాలు. మార్కులు తీసెయ్, 10కి 7.5 అట, ఆ అర మార్కు ఎక్కడ పోయిందో నీకైనా తెలుసా?

ఇంకొక్కటి అడగాలి. మధ్యలో ఎక్కడో, బ్రాకెట్లో, నీ రూమ్మేట్ గురించి రాశావు. మెటాలికా అంటే ఏంటో తెలియనివాడు, తొమ్మిదో పాట దగ్గర దుప్పట్లోంచి తల బయటపెట్టి "ఇంకా అదే పాటా రా?" అన్నాడని. నీ వ్యాసంలో ఏ ఎదురుచూపూ లేని చెవి వాడిదొక్కడిదే, వాణ్ని తీసుకెళ్లి బ్రాకెట్లో పెట్టావు. తర్వాత వాడు పడుకున్నాడా, చివరి పాట దాకా మేలుకునే ఉన్నాడా? ఇంకేమన్నా అన్నాడా? వాణ్ని అడిగి, అక్కణ్నుంచి మొదలుపెట్టి రాసి పంపు. ఈసారి మూడు వారాలు తీసుకోనులే.

మీ అన్న