పూతను మాడుస్తున్నది మంచు కాదు

ప్రశ్న: మా సువర్ణరేఖ మామిడి తోట నిండా పూత వచ్చింది. సంక్రాంతి నుంచి రోజూ మంచు కురుస్తోంది. పూత నల్లబడి రాలుతోంది, ఆకులు జిగటగా ఉన్నాయి. చలికి పురుగు ఉండదని మందు కొట్టలేదు. చలి తగలకుండా నీళ్లు పెడుతున్నాను, పొగ వేస్తున్నాను. ఇంకా ఏమి చేయాలి?
– ఒక రైతు, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ముందు నీళ్లు ఆపండి. మామిడి పూతకు రాత్రి చలి, నేలలో బెట్ట రెండూ కావాలి. ఇప్పుడు తడి ఇస్తే కొత్త చిగుళ్లు పుట్టి పూతకు అందాల్సిన బలాన్ని లాగేస్తాయి. పిందె బఠాణీ గింజంత అయ్యాక తడి ఇవ్వండి. పొగతో పూత ఆరదు, మంచు తగ్గదు.

పూత గడ్డకట్టి మాడాలంటే చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగాలి. దారింగిబాడి వంటి కొండ ప్రాంతాల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది గానీ, వంశధార ఒడ్డున ఉన్న మీకు అంత చలి రాదు. అయితే రాత్రులు 15 డిగ్రీల కంటే తగ్గితే పుప్పొడి బలహీనపడుతుంది, మంచు వీడేదాకా ఈగలు, తేనెటీగలు తిరగవు. చలి వల్ల మీకు కలిగే నష్టం అదే.

ఆకుల జిగట చూస్తే ఇది తేనెమంచు పురుగు పనే. పూత లేని రోజుల్లో బెరడు పగుళ్లలో దాక్కుని, పూమొగ్గ రాగానే రసం పీలుస్తుంది. అది విసర్జించే తీపి ద్రవం మీద మసి లాంటి నల్లని బూజు పెరుగుతుంది. మన చలికి ఈ పురుగు చావదు. నీడ, గాలిలో తేమ ఉన్న గుబురు తోటలంటే దానికి మరీ ఇష్టం. పూగుత్తిని తట్టి చూడండి, గోధుమ రంగు చిన్న పురుగులు చివ్వున ఎగురుతాయి.

పూలు ఇంకా విచ్చుకోని చెట్లకు లీటరు నీటికి 0.3 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ కలిపి, కాండం, కొమ్మలు కూడా తడిసేలా మంచు ఆరాక కొట్టండి. గుత్తుల మీద తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. దానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడండి. పూలు విచ్చుకున్న చెట్ల మీద మాత్రం పురుగు మందు కొట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. తేనెటీగలు, ఈగలు చస్తే పిందె కట్టేదెలా? గుత్తికి వందలాది పూలుంటాయి, చాలావరకు రాలిపోయేవే. గుత్తికి ఒకటి రెండు కాయలు నిలిచినా చెట్టు నిండినట్టే.

కోత అయ్యాక లోపలి కొమ్మలు తీసి, ఎండ లోపలికి పడేలా చేయండి. అనుమానం ఉంటే నల్లబడిన గుత్తి ఒకటి కోసి ఆర్.ఉదయగిరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.