ఆటోనగర్ ఎందుకు తగ్గిందని అడిగే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఇప్పుడు చాలా బండ్లు కంపెనీ నుంచే బాడీతో సహా వస్తుండటంతో మా పని సగానికి పడిపోయింది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంజనీరింగ్ వద్దట. పరిశ్రమలున్న ఊళ్లు ఎందుకు దెబ్బతింటాయో, ప్రభుత్వం వాటిని ఎలా నిలబెట్టొచ్చో చదువుతానంటోంది. అలాంటి కోర్సు ఉందా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: చదువు ఉందండీ, కాకపోతే ఆ పేరుతో డిగ్రీ కనబడదు. ఎకనామిక్స్ నుంచి కొందరు, ప్లానింగ్ (ఊళ్లు, నగరాల ప్రణాళిక) నుంచి కొందరు ఆ పనిలోకి వెళ్తారు. ఏది ఎంచుకోవాలో చెప్పేముందు, మీ అమ్మాయి అడిగింది ఎంత పెద్ద ప్రశ్నో మీకు తెలియాలి.

1950ల నుంచి 1990ల మొదటి వరకు మన దేశంలో ఫ్రైట్ ఈక్వలైజేషన్ (రవాణా ఖర్చు సమం చేయడం) అని ఒక విధానం నడిచింది. జంషెడ్‌పూర్ పక్కనున్నవాడికీ, వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్నవాడికీ ఉక్కు ఒకటే ధర. దాంతో బీహార్, బెంగాల్ ప్రాంతాలకు గనులు దగ్గరగా ఉన్నాయన్న సౌలభ్యం కాస్తా పోయింది. రేకు కొని బాడీలు కట్టిన మన షెడ్లకు మాత్రం అది కలిసొచ్చే ఉంటుంది. ఢిల్లీలో ఒక ఫైలు కదిలితే ఒక ఊరు పడుతుంది, ఇంకో ఊరు లేస్తుంది. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఇదే.

లేచిన ఊళ్ల సంగతీ అంత తేలిగ్గా లేదు. జర్మనీలో బోఖుమ్ అనే బొగ్గుగనుల నగరం ఉంది. గనులు ఒక్కొక్కటీ మూతపడుతున్న రోజుల్లో, 1965లో అక్కడ యూనివర్సిటీ తెరిచారు. ఆ తర్వాత ప్రభుత్వ రాయితీలు అందుకున్న నోకియా ఫ్యాక్టరీ 2008లో అక్కడ మూసేసి రుమేనియా వెళ్లిపోయింది. మూడేళ్లకు రుమేనియాలోనూ మూసేసింది. 2014లో ఓపెల్ కార్ల ప్లాంటు కూడా పోయింది. ఇప్పుడు ఆ ఓపెల్ స్థలంలో కొత్త కంపెనీలతోపాటు యూనివర్సిటీ పరిశోధన కేంద్రాలు కూడా ఉన్నాయి. రాయితీకి వచ్చినవాడు వెళ్లిపోయాడు, చదువు మిగిలింది. అలాగని ప్రతి ఊళ్లో యూనివర్సిటీ పెడితే సరిపోతుందనుకోను. మన దగ్గర కాలేజీలకేం కొదవ!

ఇక్కడి లెక్క వేరు. హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు 2025 మార్చిలో ప్రారంభమైంది. రాష్ట్రం 2024-29కి కొత్త పారిశ్రామిక విధానం కూడా తెచ్చింది. పెద్ద ప్లాంటుకు స్థలం చూపించడం తెలిసిన పనే. మీ పక్క షెడ్డులో సీటు ఫ్రేములు వెల్డింగ్ చేసే మేస్త్రికి ఆ ప్లాంటు ఆర్డరు ఎలా అందుతుంది, నాణ్యత సర్టిఫికెట్ ఖర్చు ఎవరు భరిస్తారు, మెషీన్‌కు అప్పు ఎవరిస్తారు? కష్టమంతా ఇక్కడుంది. షెడ్డులో పెరిగిన పిల్లకు ఇది అర్థమైనంతగా ఏసీ గదిలో పాలసీ రాసేవాళ్లకు అర్థం కాదని నా అభిప్రాయం.

ఇక దారుల విషయం. ప్లానింగ్ అయితే మన ఊళ్లోనే, ఐటీఐ రోడ్డులో, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. 2008లో పెట్టిన కేంద్ర సంస్థ. బి.ప్లాన్ నాలుగేళ్లు. తర్వాత సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) లాంటి సంస్థల్లో, మాస్టర్ ప్లాన్లు తయారుచేసే కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది.

మీ అమ్మాయికి మాత్రం నేను ఎకనామిక్సే చెబుతాను. తను అడుగుతున్నది ‘ఎందుకు’ అని కదా. పైగా ఎంఏ ఎకనామిక్స్ చేశాక కొన్ని ఎం.ప్లాన్ కోర్సుల్లోకి వెళ్లొచ్చు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు మాత్రం ఎకనామిక్స్‌లో పీజీ ఉండి తీరాలి. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగం పోస్టులూ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ, ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ చూడండి. రెండింటికీ సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీకైతే అందులో మ్యాథ్స్ పేపర్ తప్పనిసరి. ఎంపీసీ చదివింది వృథా అవుతుందన్న బెంగ మీకు అక్కర్లేదు.

ఒకటి ముందే చెప్పేస్తాను. డిగ్రీతో ఆగిపోతే ఈ రంగంలో చెప్పుకోదగ్గ ఉద్యోగం రాదు. ఐదేళ్లు చదివించే ఓపిక ఉంటేనే దిగండి. మొదటి జీతం కూడా సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ బంధువుల పిల్లలకంటే తక్కువగా ఉండొచ్చు. పండక్కి వచ్చినవాళ్లు ఆ మాట అనకమానరు. గైడ్లు బట్టీపట్టించే కాలేజీలో బీఏ చేయించడంకంటే బీటెక్కే నయం.

పరీక్షలయ్యాక ఈ వేసవిలో అమ్మాయిని షెడ్డుకు తీసుకెళ్లండి. పాత బిల్లు పుస్తకాలు ఇచ్చి, ఏ ఏడు ఎన్ని బాడీలు కట్టారో, ఎంతమంది మేస్త్రీలు ఉండేవారో, వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారో రాయమనండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత లెక్క ఉంటుంది.

ఇంకో మాట, బి.ప్లాన్‌ను చివరి నిమిషం దాకా వదలొద్దు. దానికి జేఈఈ మెయిన్ దరఖాస్తులో బి.ప్లాన్ పేపరైన 2బి విడిగా ఎంచుకోవాలి. బీటెక్ పేపర్ ఒక్కటే పెట్టి ఊరుకుని, ఏప్రిల్‌లో నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు ఏటా ఉంటారు.